ఆదిభట్ల విమాన పరిశ్రమ

హైదరాబాదు శివారున నున్న ఆదిభట్లలో సి-130జె రవాణా విమానమునకు తోకభాగము తయారగుచున్నది. 2018లో ప్రారంభమైన మరొక కర్మాగారము అపాచీ హెలికాప్టరు దేహమును నిర్మించుచున్నది. 1970లో భారత్ డైనమిక్సు, 1973లో మిశ్రధాతు నిగము నగరమున వెలసి ఈ విద్యకు ఏనాడో పాదువేసినవి.

విమానములో బిగించు ప్రతి ముక్కకును జాతకమున్నది. ఏ లోహము, ఏ యంత్రము, ఎవరి తనిఖీ అన్నది వ్రాసి యుంచవలెను. వెంట్రుకవాసి తేడా వచ్చినను ఆ ముక్క పనికిరాదు. కావున చదునైన నేల, వెడల్పైన బాట, ఎడతెగని విద్యుత్తు సమకూర్చినంతనే పారిశ్రామిక వాటిక కాజాలదు. పనితనము చేతికి రావలెను. అది ఏండ్ల శిక్షణతోగాని రాదు.

ఇట్టి వాటికలకు పొలమిచ్చిన రైతుల బిడ్డలు గేటువద్ద కావలి ఉద్యోగముతో సరిపెట్టుకొనరాదు. వాటికకు శంకుస్థాపన జరిగిన నాడే ఆ గ్రామమున శిక్షణాలయమునకును పునాది పడవలెనని మేము కోరుచున్నాము.