అభ్యంతరం తెలిసినవాళ్లం మేమే
(హోసూరులో తెలుగు సంఘాల కుటుంబ కూడికలో చేసిన ప్రసంగం)



కుటుంబ కూడికలో సినిమా ముచ్చటేమిటని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. అడగడం న్యాయమే. అయితే మన పిల్లలు ఫోన్లో చూసి నవ్వుకుంటున్నది ఏమిటో కాపరులకు తెలియకపోతే ఎలా?

‘బధాయీ దో’ అనే హిందీ సినిమా 2022 ఫిబ్రవరిలో వచ్చింది. హర్షవర్ధన్ కులకర్ణి దర్శకుడు. రాజ్‌కుమార్ రావ్ పోలీసు శార్దూల్, భూమి పెడ్నేకర్ పీటీ టీచర్ సుమీ. ఊరు డెహ్రాడూన్. అతని మనసు పురుషుని మీద, ఆమె మనసు స్త్రీ మీద. ఇంట్లోవాళ్ల పోరు పడలేక ఇద్దరూ ఒప్పందం చేసుకుని పెళ్లాడతారు. ఆ పోరు తీరగానే పిల్లలెప్పుడన్న పోరు మొదలవుతుంది.

నవ్వొస్తుంది. కాని ఎవరిని చూసి? మన తెలుగు సినిమాల్లో ఏళ్ల తరబడి ఇలాంటివాళ్లను ‘తేడా’ అని వెక్కిరించి నవ్వించారు. మనమూ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని నవ్వాం. ఇక్కడ నవ్వు వాళ్ల మీద కాదు. ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇల్లంతా పడే అవస్థ మీద.

మేము మాత్రం సగంలోనే నవ్వడం మానేశాం. ఎందుకో చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం ఒక తల్లి మా ఇంటికొచ్చి ఏడ్చింది. “అయ్యగారూ, మావాడు పెళ్లొద్దంటున్నాడు. ఆడపిల్లల మీద మనసు పోదంటున్నాడు” అంది. మేము ప్రార్థన చేసి, “పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయమ్మా” అన్నాం. సంబంధం కుదిరింది. మూడు ఆదివారాలు వివాహ ప్రకటన చదివాం. అభ్యంతరమున్నవారు చెప్పవచ్చన్నాం. అభ్యంతరం తెలిసినవాళ్లం మేమే. నోరు మెదపలేదు. ఏడాది తిరక్కుండానే ఆ అమ్మాయి పుట్టింటికి చేరింది. లోపం తనలోనే ఉందని నమ్మి చేరింది. ఆ అబ్బాయి సంఘానికి రావడం మానేశాడు.

సినిమాలో శార్దూల్‌కూ సుమీకీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు. మేము చేసిన పెళ్లిలో ఆ అమ్మాయికొక్కతెకే తెలియదు. ఏ పెళ్లి పెద్ద అబద్ధం?

ప్రియులారా, యోసేపును తలచుకోండి. పరదేశపు వేషంలో, పరభాషలో సొంత అన్నల ఎదుటే దాగి ఉన్నాడు. ఇక ఓర్చుకోలేక బయటివాళ్లందరినీ పంపేసి, తానెవరో చెప్పుకుని బిగ్గరగా ఏడ్చాడు. అన్నలకు నోట మాట రాలేదు. సినిమాలో కూడా గుట్టు బయటపడ్డాక శార్దూల్ తన సంగతి తానే ఇంట్లోవాళ్లకు చెప్పుకుంటాడు. అక్కడా అంతే, ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియదు. తెలియకపోవడం పాపం కాదు. లేచి వెళ్లిపోవడమే పాపం.

లేఖనాలు కాదంటున్నాయి గదా అని మీరు అంటారు. ఆ వాక్యభాగాలను ఎలా చదవాలన్న దానిపై కాపరుల్లోనే భేదాభిప్రాయాలున్నాయి. ఈ ఒక్క సాయంకాలంలో అది తేలదు. కాని బలిపీఠం ఎదుట తెలిసి తెలిసి అబద్ధపు ప్రమాణం చేయించవచ్చా అన్న దానిపై మనలో భేదం ఉందా?

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపూర్వకంగా కలిసి ఉండటం నేరం కాదంది. 2023 అక్టోబరు 17న వారికి వివాహ హక్కు మాత్రం ఇవ్వలేదు. ఈ మధ్యలో, 2021 జూన్ 7న, మన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ఇలాంటివారిని ‘మార్చే’ వైద్యం చేయరాదన్నారు. అంతకుముందు ఆయన తనకు ఈ విషయం సరిగా తెలియదని ఒప్పుకుని, మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. న్యాయపీఠం మీద ఉన్నాయన నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు. ప్రసంగపీఠం మీద ఉన్న మాకెందుకు సిగ్గు?

కాబట్టి మూడు మాటలు. ప్రకటన చదవడానికి ముందే వధూవరులను విడివిడిగా కూర్చోబెట్టి, ఇష్టమేనా అని అడుగుదాం. లేదన్నవాళ్ల గుట్టు కాపాడి, ఆ పెళ్లి ఆపుదాం. దయ్యం పట్టిందని ఏ బిడ్డనూ స్వస్థత కూటాలకు ఈడ్చుకుపోవద్దు. మీ బిడ్డ నోరు తెరిచి చెప్పిన రాత్రి, ముందు అన్నం పెట్టండి. మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. ఆమె ఇంకా జవాబివ్వలేదు. ఇవ్వాలని అడిగే హక్కు మాకు లేదు. ఆ అబ్బాయి తిరిగి వస్తే కూర్చోవడానికి మన మధ్య చోటుండేలా చూడటం మాత్రం మన చేతుల్లో ఉంది.

దేవుడు మనకు సత్యమాడే ధైర్యమిచ్చును గాక. ఆమేన్.