పన్నెండు బొమ్మల పెట్టె
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మేము ఉపన్యాసాలివ్వదగిన పండితులము కాము. ఖుర్దా రోడ్డులో రైల్వే గుమాస్తా ఉద్యోగము చేసుకొనేవారము. మా యింట్లో ఉన్న వొక పాత కెమెరాను గురించి నాలుగు మాటలు మనవి చేసుకొంటాము.

అది బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్ త్రీ. శ్రీకాకుళం జిల్లా నుంచి రైల్వే కొలువుకు వచ్చిన మా తాతగారు కొన్నది. అందులో 120 నంబరు ఫిలిం వేస్తే 12 బొమ్మలు వస్తవి. వెనుకనున్న ఎర్రని కిటికీలో తరువాతి అంకె కనబడేదాకా ఫిలిం తిప్పాలి. మరిస్తే బొమ్మ మీద బొమ్మ పడుతుంది. ఎండకు వొక గుర్తు, మబ్బుకు వొక గుర్తు. మరీ దగ్గరకు పోతే ముఖం మసకబారుతుంది. దాని విద్య అంతే.

మన యిళ్లలో పెళ్లి ఫోటోలున్నవి. స్టూడియోలో కుర్చీ పక్కన నిలబడి తీయించుకున్నవీ ఉన్నవి. కాని ఆ పెద్దలు రోజూ ఎలా బ్రతికినారో చూపే బొమ్మ ఎన్ని యిళ్లలో ఉన్నది? తాతగారు తీసినవి అవే: కుళాయి దగ్గర బిందెల వరుస, క్వార్టర్సు వరండాలో వడియాలు పెడుతున్న నాయనమ్మ, రాత్రి డ్యూటీ దిగి సైకిలు నడిపించుకొని వస్తున్న ఫైర్‌మాన్. ఆ వరండా నేడు లేదు. ఆవిరి యింజన్లూ పోయినవి. మా పిల్లలు వాటిని ఆ బొమ్మల్లోనే చూస్తున్నారు.

మా తప్పు వొకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రిందట నాయనమ్మ ఆవకాయ కలుపుతూంటే ఆ కెమెరాతో ఏడు బొమ్మలు తీశాము. మిగిలిన అయిదూ పండుగకని ఆపినాము. లోపల రీలున్న సంగతి మరిచి, తుడుద్దామని పట్టపగలు వెనుక మూత తెరిచాము. వెలుతురు తగిలి అన్నీ పాడైనవి. “పోనీరా, మళ్లీ ఏడు కలుపుతాను గదా, అప్పుడు తీద్దురు గాని” అన్నది నాయనమ్మ. మరుసటి మామిడికాయల కాలానికి ఆమె లేదు. ఆ చేతుల బొమ్మ మాకు లేదు.

ఊటీలో 1967లో ఉత్పత్తి ప్రారంభించిన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ ఫిలిం వొకప్పుడు మనకు దొరికేది. ఆ కర్మాగారం మూతబడ్డది. ఇప్పుడు యీ కెమెరాకు ఫిలిం విదేశాల నుంచి రావాలి, ఖర్చూ ఎక్కువే. జేబులో ఫోనుండగా యీ తంటా ఎందుకని మీరడుగవచ్చును. ఫోనుతోనే తీయండి, తప్పులేదు. అయితే 12 బొమ్మలే ఉన్నప్పుడు మనిషి ముందు బాగా చూచి, తరువాత మీట నొక్కుతాడు. ఫోనులో నూరు తీసి వొక్కటీ కాగితానికెక్కించము.

కనుక మా మనవి యిది. పాత ఫోటోల వెనుక పెన్సిలుతో మెల్లగా పేరు, ఊరు, సంవత్సరము తెలుగులో వ్రాయండి. నెగిటివులను చెమ్మ తగలనిచోట ఉంచండి. ఎవరు ఎవరో చెప్పగల పెద్దలు మన మధ్య ఉండగానే అడిగి తెలుసుకోండి. ఈ ఏడు ఆవకాయ కలిపేనాడు మీ అమ్మగారిని వొక బొమ్మ తీయండి. వచ్చే ఏటికని ఆపకండి.