బండి జర్క్ కొడుతోందా? టీపీఎస్ గురించి నేను తప్పు చెప్పాను

ఈరోజు ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెడుతున్నాను. థ్రాటిల్ పొజిషన్ సెన్సార్, అంటే టీపీఎస్ మీద ఇంతకుముందు చేసిన వీడియోలో "కనెక్టర్ క్లీన్ చేసుకోండి, జర్క్ పోతుంది" అని చాలా గట్టిగా చెప్పాను. నా బండికి రెండు వారాలు నిజంగానే పోయింది. ఆ తర్వాత ఒక సాయంత్రం అమ్మని వెనక కూర్చోబెట్టుకుని మియాపూర్‌లో యూటర్న్ తీసుకుంటున్నా. సగం తిరిగాక కొంచెం రేస్ ఇచ్చాను, అంతే, బండి టక్కున ఆగిపోయింది. పక్కనుంచి టిప్పర్ వస్తోంది. ఆ డ్రైవర్ టైమ్‌కి బ్రేక్ వేశాడు కాబట్టి సరిపోయింది. ఇంటికొచ్చేదాకా అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

సరే, ఏం జరిగిందో చూద్దాం. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక మన మామూలు బండ్లలో కూడా చాలావరకు కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. మనం యాక్సిలరేటర్ ఎంత తిప్పామో ఈసీయూకి చెప్పేది ఈ టీపీఎస్సే. చాలా బండ్లలో ఇది పాత రేడియో వాల్యూమ్ నాబ్ లాంటిదే. లోపల ఒక కార్బన్ ట్రాక్, దాని మీద రాసుకుంటూ తిరిగే చిన్న కాంటాక్ట్. మూడు వైర్లు: ఒకటి 5 వోల్టులు, ఒకటి గ్రౌండ్, ఒకటి సిగ్నల్. చెయ్యి వదిలేస్తే సిగ్నల్ సుమారు అర వోల్టు, ఫుల్‌గా తిప్పితే 4 వోల్టుల పైన. కచ్చితమైన నంబర్ మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోవాలి.

ఇప్పుడు ఆలోచించండి. సిటీలో మనం ఫుల్ థ్రాటిల్ ఎప్పుడిస్తాం? రోజంతా ఆ మొదటి పావు వంతులోనే ఆడిస్తుంటాం. ట్రాక్ అరిగేది కూడా అక్కడే. కాంటాక్ట్ ఆ అరిగిన చోటికి రాగానే సిగ్నల్ పడిపోతుంది. ఈసీయూ ఏమనుకుంటుంది? "ఈయన చెయ్యి వదిలేశాడు" అనుకుని పెట్రోల్ తగ్గించేస్తుంది. మనం రేస్ ఇస్తుంటే అది ఆపేస్తోంది! స్పీడ్‌లో ఉంటే జర్క్ కొట్టి వదిలేస్తుంది. యూటర్న్‌లో ఇంజిన్ ఆగిపోతుంది.

మరి నేను ముందు ఎందుకు పట్టుకోలేకపోయాను? కనెక్టర్‌లో పచ్చగా తుప్పు ఉన్నమాట నిజం. అది పోగానే సగం ప్రాబ్లం పోయింది, నేను మొత్తం పోయిందనుకున్నాను. ఆఫీసులో ఒక బగ్ ఫిక్స్ చేసి టికెట్ క్లోజ్ చేసేసే అలవాటు, అదే ఇక్కడా చేశాను. ఇంకోటి, డిజిటల్ మీటర్ పెట్టి కింద 0.6, పైన 4.2 చూసి ఓకే అనేశాను. మధ్యలో చూడలేదు. పైగా మామూలు డిజిటల్ మీటర్ సెకనుకి రెండు మూడు సార్లే రీడింగ్ మారుస్తుంది, క్షణంలో పడి లేచే సిగ్నల్ దానికి కనిపించదు. ఈసారి మా బాబాయి దగ్గరున్న పాత ముల్లు మీటర్ తెచ్చాను. ఇంజిన్ ఆపి, కీ ఆన్ చేసి, కనెక్టర్ తీయకుండా దాని వెనకవైపు నుంచి సన్నటి పిన్ను సిగ్నల్ వైర్‌కి ఆనించి, యాక్సిలరేటర్ చాలా మెల్లగా తిప్పాను. 0.9 దగ్గర ముల్లు ఒక్కసారి కిందికి కొట్టి మళ్లీ లేచింది. పదిసార్లు తిప్పితే ఏడుసార్లు అక్కడే! వైర్‌కి మాత్రం పిన్ను గుచ్చకండి, ఆ బొక్కలోంచి నీళ్లు దిగుతాయి.

దీనికంటే ముందు 5 వోల్టులు వస్తున్నాయా, గ్రౌండ్ బాగుందా చూడండి. కనెక్టర్‌ని మెల్లగా కదిపి చూడండి. అప్పుడు ముల్లు ఊగితే తప్పు వైర్‌ది, సెన్సార్‌ది కాదు. యాక్సిలరేటర్ కేబుల్ ఆట కూడా ఒకసారి చెక్ చేయండి, కొన్నిసార్లు జర్క్ అక్కడినుంచే వస్తుంది.

అరిగిన ట్రాక్‌కి రిపేర్ లేదండీ. లోపలికి స్ప్రే కొడితే బాగవుతుందని చెప్పేవాళ్లుంటారు, నేను నమ్మను. కార్బ్ క్లీనర్ అయితే అసలే వద్దు, ప్లాస్టిక్‌నీ సీల్‌నీ తినేస్తుంది. కనెక్టర్‌కి మాత్రం కాంటాక్ట్ క్లీనర్ వాడి, ఆరాక కొద్దిగా డైఎలెక్ట్రిక్ గ్రీజ్ రాయండి. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ అక్కడ పెట్టనివ్వకండి. నా బండిలో ఆ పచ్చ తుప్పు అలానే వచ్చి ఉంటుంది.

సర్వీస్ సెంటర్‌లో మొత్తం థ్రాటిల్ బాడీ మార్చాలన్నారు, 8 వేల పైన చెప్పారు. కొన్ని మోడల్స్‌కి సెన్సార్ విడిగా రాదు, అది నిజమే. నాకు స్పేర్ పార్ట్స్ షాపులో విడిగానే దొరికింది. విప్పేముందు స్క్రూల దగ్గర వైట్‌నర్‌తో గీత పెట్టుకున్నాను, ఎందుకంటే సెన్సార్ కొంచెం జరిగినా జీరో మారిపోతుంది. అయినా కొత్తది పెట్టాక గీతని నమ్మకుండా మీటర్‌తో మళ్లీ చూసి మాన్యువల్‌లో ఉన్న వోల్టేజ్‌కే సెట్ చేశాను. కొన్ని బండ్లకి ఆ తర్వాత టీపీఎస్ రీసెట్ కూడా చెయ్యాలి. కేబుల్ లేని రైడ్ బై వైర్ బండి అయితే ఇంట్లో ముట్టుకోకండి.

బండి ఇప్పుడు బాగుంది, మూడు నెలలైంది. పాత వీడియో తీసేశాను. అమ్మ మాత్రం ఇంకా ఆటోలోనే వెళ్తోంది. ఉంటానండీ.