పెట్టె మూత తీసేముందు



ఈనాడు పల్లెల్లో విద్యుత్ పరికరం లేని ఇల్లు అరుదు. ఇంట్లో ఫ్యాను, టీవీ, మిక్సీ, ఇన్వర్టరు. బావిదగ్గర మోటారు స్టార్టరు పెట్టె. ఇవన్నీ ఎప్పుడో ఒకప్పుడు మొరాయించేవే. మెకానిక్కు పట్నంనుంచి రావాలి. ఇక్కడ మడి ఎండిపోతూ ఉంటుంది. అలాంటప్పుడు స్క్రూడ్రైవరు తీసుకుని మనమే మూత విప్పుతాం. అది తగదని నేననను. వదులైన తీగ బిగించడం, మాడిన ప్లగ్గు మార్చడం నేర్చుకోదగ్గ పనులే. అయితే మూత తీసేముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. వాటినే ఈ పూట మనవి చేస్తాను.

మొదటి సంగతి. కరెంటు పోవడం వేరు, కరెంటు తీసివేయడం వేరు. "ఎలాగూ కరెంటు లేదు గదా, ఈలోపల చూసేద్దాం" అని చాలామంది పెట్టె తెరుస్తారు. పోయిన కరెంటు ఏ నిమిషాన తిరిగి వస్తుందో మనకు కబురు పెట్టి రాదు. ఆటో స్టార్టరు ఉంటే మోటారు దానంతటదే తిరుగుతుంది కూడా. అప్పుడు చెయ్యి లోపల ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అందుచేత కరెంటు ఉన్నా, లేకున్నా మెయిన్ స్విచ్చి దించాలి. ఫ్యూజులు ఊడదీసి జేబులో వేసుకోవాలి. త్రీఫేజు అయితే మూడూ తీయాలి. రెండు తీసి ఒకటి వదిలితే ఆ ఒక్కటే ప్రాణం తీయగలదు. స్విచ్చిదగ్గర తెలిసిన మనిషిని కాపలా ఉంచండి. తెలియనివారు వచ్చి స్విచ్చి వేయకుండా ఉంటారు.

ఇంట్లో వస్తువైతే స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. కొన్ని ఇళ్ళలో వైరింగు తారుమారై స్విచ్చి న్యూట్రల్ తీగమీద ఉంటుంది. అక్కడ స్విచ్చి ఆపినా ఫేజు పరికరందాకా వస్తూనే ఉంటుంది. ప్లగ్గు లేని సీలింగు ఫ్యానుకు మెయిన్ దించవలసిందే. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిన్ దించినా కొన్ని లైన్లలో కరెంటు నడుస్తుంది; కాబట్టి దాన్నీ ఆపాలి.

ఇక రెండవ సంగతి, ముఖ్యమైనది. కరెంటు పూర్తిగా తీసివేసినా లోపల దాగి ఉండే కరెంటు ఒకటుంది. అది కెపాసిటరులో ఉంటుంది. మన మెకానిక్కులు దీనినే కండెన్సరు అంటారు. సింగిల్ ఫేజు బోరు మోటారు పెట్టెలో, ఫ్యానులో, టీవీలో, ఇన్వర్టరులో ఇది ఉంటుంది. మోటారు ఆపినంతమాత్రాన తొట్టిలో నీళ్ళు ఖాళీ అవవు గదా! ఇదీ అంతే. మన ఇంటి సరఫరా 230 వోల్టులని చెప్పుకుంటాం. కాని అది అలలాగా లేచి పడుతూ, శిఖరాన సుమారు 325 వోల్టులకు చేరుతుంది. కెపాసిటరు ఆ శిఖరందగ్గర నిండి అలాగే నిలిచిపోవచ్చు. మంచి పెట్టెల్లో దీన్ని నెమ్మదిగా ఖాళీచేసే రెసిస్టరు ఉంటుంది. అది కాలిపోయి ఉంటే బయటికి తెలియదు.

దీన్ని ఖాళీచేయడానికి రెండు కొసలకూ స్క్రూడ్రైవరు అడ్డంపెట్టి మిరుగులు రప్పించేవారున్నారు. అలా చేయకండి. లోహం కరిగి కంట్లో పడవచ్చు, కెపాసిటరూ పాడవుతుంది. దీనికి సులువైన సాధనం పాతకాలపు 100 వాట్ల ఫిలమెంటు బల్బు. ఎల్.ఇ.డి. బల్బు పనికిరాదు. హోల్డరుకు రెండు మంచి తొడుగు తీగలు బిగించి, తొడుగుమీదనే పట్టుకుని, తీగల కొసలను కెపాసిటరు రెండు కొసలకూ అయిదు సెకన్లు ఆనించండి. త్రీఫేజు మోటారుకు బిగించిన కెపాసిటరైతే రెండు బల్బులు వరుసగా కలిపి, మూడు కొసలనూ జత జతగా ఖాళీచేయండి. ఆపైన మీటరును డి.సి. వోల్టులమీద పెట్టి చూడండి. సున్నాకు దగ్గరగా ఉంటేనే చేయి పెట్టాలి.

టెస్టరు వెలగలేదు గనుక కరెంటు లేదని అనుకోవద్దు. కెపాసిటరులోని కరెంటును టెస్టరు పట్టదు. లైను చూసేటప్పుడు కూడా ముందు కరెంటున్న చోట టెస్టరు వెలుగుతుందో లేదో చూసుకుని, తరువాతనే పని చోట పెట్టాలి.

పని చేసేటప్పుడు తడి చేతులు, తడి నేల, ఉత్త పాదాలు పనికిరావు. పొడి చెక్కమీద నిలబడండి. ఉంగరం, కడియం, చేతి గడియారం తీసి పక్కన పెట్టండి. ఇన్వర్టరు బ్యాటరీ కొసలమధ్య పానా పడితే నిప్పులు చిమ్ముతుంది. ఛార్జి అయ్యేటప్పుడు ఆ బ్యాటరీనుంచి మండే వాయువు వస్తుంది, కాబట్టి దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు.

కొన్నిటి జోలికి అసలు పోకండి. మైక్రోవేవ్ పొయ్యి కెపాసిటరులో వేల వోల్టులుంటాయి. పాత గాజు తెర టీవీలో 20,000 వోల్టులు దాటవచ్చు. ఉబ్బిన సెల్‌ఫోను బ్యాటరీని గుచ్చితే మండుతుంది. ట్రాన్స్‌ఫార్మరుదగ్గర ఫ్యూజు వేయడం లైన్‌మన్ పని, మనది కాదు.

పని అయ్యాక విప్పిన ఎర్తు తీగ తిరిగి బిగించారా? ఫ్యూజుకు దొరికిన లావుపాటి రాగితీగ కాక, తగిన తీగే కట్టారా? ఇవి చూసుకుని మూత వేయండి. ఇంటి బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టిస్తే షాకు తగిలినప్పుడు అది చాలావరకు కాపాడుతుంది. అయితే కెపాసిటరు షాకును అది ఆపలేదు.

ఒకవేళ ఎవరికైనా షాకు తగిలితే పరుగున పోయి పట్టుకోకండి. ముందు మెయిన్ దించండి. దించలేకపోతే పొడి కర్రతో తీగను తప్పించండి. హైటెన్షన్ తీగైతే మాత్రం దగ్గరికి పోకుండా సబ్‌స్టేషనుకు కబురు చేయండి. మనిషి పలకక, ఊపిరి తీయకపోతే 108కి ఫోను చేయించి, రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాలు దిగేలా నొక్కుతూ ఉండండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు.

గ్రామాల్లో పనిచేసే విస్తరణ సిబ్బందికి ఒక మాట. రైతుల సమావేశంలో ఈ బల్బు సాధనాన్ని చేసి చూపండి. పది మాటలకన్నా ఒకసారి కంటితో చూసినది గుర్తుంటుంది.

తీయడం, ఖాళీచేయడం, చూసుకోవడం: ఈ మూడు మాటలు పెట్టె మూతమీద రాసి పెట్టుకోండి. ఈ మూడింటికీ పట్టేది అయిదు నిమిషాలు. నీళ్ళు ఒక పూట ఆలస్యమైనా పైరు కోలుకుంటుంది.