సంకెళ్లను చూచి సిగ్గుపడని స్నేహితుడు

ధ్యానభాగము: 2 తిమోతి 1:15-18

 

ఈ దినమున ఒక ప్రయాణికుని గూర్చి ధ్యానము చేద్దాం. అతని పేరు ఒనేసిఫోరు. గ్రీకు భాషలో ఆ పేరుకు మేలు తెచ్చువాడు అని అర్థం. బైబిలులో అతని పేరు రెండుసార్లే కనిపిస్తుంది. ఆ రెండూ పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలోనే ఉన్నాయి. అతడు గొప్ప ప్రసంగం చేసినట్లు గాని, అద్భుతం చేసినట్లు గాని అక్కడ లేదు. క్రొత్త పట్టణానికి వెళ్లినప్పుడు అక్కడున్న స్నేహితుణ్ణి వెదకి కలుసుకున్నాడు. ఆ పనినే పరిశుద్ధాత్ముడు లేఖనంలో వ్రాయించాడు.

మొదటిగా, అతడు వెదకిన సంగతి గమనించండి. ఒనేసిఫోరు పౌలు కోసమే రోమాకు బయలుదేరాడని ఈ వాక్యంలో లేదు. రోమాకు వచ్చినప్పుడు శ్రద్ధగా వెదకాడని మాత్రమే ఉంది. ఏ పని మీద వచ్చినా, తన పని చూచుకొని తిరిగి వెళ్లిపోలేదు. ఎఫెసుకు రోమాకు మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. ఆ కాలపు రోమాలో ఇంచుమించు పది లక్షల జనం ఉండేవారని చరిత్రకారులు అంచనా వేస్తారు. ఇళ్లకు నంబర్లు లేవు. ఫలానా గుడి ప్రక్కన, ఫలానా బజారు వెనుక అని గుర్తులు అడుగుతూ పోవలసిందే.

పౌలు ఇంతకుముందు రోమాలో ఉన్నప్పుడు రెండు సంవత్సరాలు అద్దె ఇంట కాపురముండి, తనయొద్దకు వచ్చిన వారినందరిని చేర్చుకున్నట్లు అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో చూస్తాం. ఈ పత్రిక నాటికి పరిస్థితి అది కాదు. నేరస్థునివలె సంకెళ్లలో ఉన్నానని ఆయనే చెబుతున్నాడు. ఇది నీరో చక్రవర్తి కాలపు చెరలోనుండి వ్రాసిన పత్రిక అని సంఘ సంప్రదాయం. క్రీ.శ. 64లో రోమా తగలబడినప్పుడు నీరో ఆ నేరాన్ని క్రైస్తవుల మీద మోపి వారిని హింసించాడు. అటువంటి పట్టణంలో ఒక క్రైస్తవ ఖైదీ ఎక్కడున్నాడని అడగడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఆసియలోని వారు పౌలును విడిచిపోయారు. ఫుగెల్లు, హెర్మొగెనే అని ఇద్దరి పేర్లు కూడా ఆయన బాధతో వ్రాశాడు. అందరూ విడిచిపోయిన వేళ ఈ ఒక్క మనిషి వెదకుకుంటూ వచ్చాడు.

రెండవదిగా, అతడు స్నేహితుని సంకెళ్లను చూచి సిగ్గుపడలేదు. ఈ మాట దగ్గర కొంచెం ఆగుదాం. ఎందుకంటే ఇది మన కోనసీమ ఇళ్లలోని మాట.

గౌతమికి వసిష్ఠకు నడుమ ఉన్న సీమ మనది. ఒకప్పుడు చుట్టాల ఇంటికి వెళ్లాలన్నా రేవులో పడవ కోసం కాచుకొని కూర్చునేవారు. ఇప్పటికీ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లేవారు ఉన్నారు. అయితే వంతెనలు వచ్చాయి. 2002లో యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన వచ్చింది. సాయంత్రం అమలాపురంలో బస్సు ఎక్కితే తెల్లవారేసరికి హైదరాబాదు కూకట్‌పల్లిలో దిగుతున్నాం. పెళ్లికని, ఆసుపత్రికని, పిల్లల కాలేజీకని కార్లలో వెళ్లి వస్తున్నాం. ఆ ఊళ్లో మన చిన్ననాటి స్నేహితుడు ఉంటాడు. ఫోను నంబరు కూడా ఉంటుంది. అయినా కలవకుండానే తిరిగి వస్తాం. తీరిక లేక అంటాం గాని, చాలాసార్లు అడ్డు వచ్చేది సిగ్గు. ఒక్కోసారి అది మన సిగ్గు, ఒక్కోసారి అతని సిగ్గు.

మన ప్రాంతపు విశ్వాసి ఒకరు తన అనుభవం నాకు చెప్పారు. ఆయన అనుమతితో, పేర్లు లేకుండా మీకు చెబుతున్నాను. ఆయన స్నేహితుడు కౌలు రైతు. 2011 ఖరీఫ్‌లో వరికి గిట్టుబాటు లేక కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంగతి మీకు జ్ఞాపకముండే ఉంటుంది. ఆ తరువాత కొన్నేళ్లకు, అప్పులు తీరక, ఈ స్నేహితుడు భార్యాబిడ్డలతో హైదరాబాదు చేరాడు. కంపెనీలో సూపర్‌వైజరుగా చేస్తున్నానని ఊళ్లో చెప్పాడు. ఈ విశ్వాసికి అతడు నలభై వేలు బాకీ. మొదట్లో ఫోను చేసేవాడు. తరువాత తగ్గించాడు. ఆ తరువాత మానేశాడు.

ఒకసారి వీరు మేనకోడలి పెళ్లికి కారులో హైదరాబాదు బయలుదేరారు. సూర్యాపేట దగ్గర టీ త్రాగడానికి ఆగినప్పుడు ఆయన భార్య, "ఆ అన్నయ్యగారిని కూడా చూసి వద్దామండి" అన్నది.

"వెళ్తే బాకీ కోసం వచ్చామనుకుంటాడు" అన్నారు ఈయన.

"వెళ్లకపోతే బాకీ వల్లే రాలేదనుకుంటారు కదండీ" అన్నది ఆమె.

పెళ్లి అయిన మరునాడు ఫోను చేస్తే, "ఇంటికెందుకులేరా, నేనే బస్టాపుకు వస్తాను, అక్కడ కలుద్దాం" అన్నాడు స్నేహితుడు. ఈయన ఊరుకోలేదు. ఊళ్లో ఉన్న అతని తమ్ముణ్ణి అడిగి, ఆ అపార్ట్‌మెంటు పేరు తెలుసుకొని, దారి అడుగుతూ వెళ్లారు. గేటు ముందు కారు ఆపారు. వాచ్‌మన్ పరుగున వచ్చి గేటు తీసి సెల్యూట్ చేశాడు. కారు అద్దం దించి చూస్తే, ఆ వాచ్‌మన్ తన స్నేహితుడే.

శ్రోతలారా, ఆ క్షణంలో అతనికి ఎక్కడ దాగుకోవాలో తెలియలేదు. ఈయన కారు దిగి అతని భుజం మీద చెయ్యి వేసి, "ఏరా, బాగున్నావా? బాకీ కోసం రాలేదురా. నిన్ను చూడ్డానికొచ్చాం" అన్నారు. మెట్ల ప్రక్కన ఒకటే గది. స్నేహితుని భార్య కన్నీళ్లతో, "కూర్చోబెట్టడానికి కుర్చీ కూడా లేదు అన్నయ్యగారూ" అన్నది. "చాప వెయ్యి వదినా" అని ఈయన భార్య తానే చాప పరచింది. పెళ్లివారికని తెచ్చినవి పోగా మిగిలిన పూతరేకులు, నాలుగు కొబ్బరికాయలు వాళ్ల చేతికిచ్చారు. పప్పుచారుతో అన్నం తిన్నారు. కలిసి ప్రార్థన చేశారు. అప్పుడు ఆ స్నేహితుడు, "మూడేళ్లయిందిరా గుడికి వెళ్లి. మన వైపు వాళ్లెవరైనా కనిపిస్తారేమోనని" అన్నాడట.

"మరి ఆ బాకీ మాఫీ చేశారా?" అని నేను అడిగాను. "లేదయ్యగారూ. మాఫీ అంటే వాడు చిన్నబుచ్చుకుంటాడు. వీలైనప్పుడు ఇవ్వరా అన్నాను. నెలకు వెయ్యి చొప్పున పంపుతున్నాడు" అన్నారు. ఊళ్లో అడిగినవారికి, "బాగానే ఉన్నాడు" అని మాత్రం చెప్పారు. ఆ సంవత్సరం క్రిస్మస్‌కు ఆ కుటుంబం ఊరికి వచ్చి అందరితో కలిసి ఆరాధనలో కూర్చున్నది.

పౌలు సంకెళ్లు ఇనుపవి, అవి సువార్త నిమిత్తమైనవి. మన స్నేహితుల సంకెళ్లు వేరు. ఒకరికి అప్పు, ఒకరికి పోయిన ఉద్యోగం, ఒకరికి విడిపోయిన కాపురం, ఒకరికి త్రాగుడు. సంకెళ్లలో ఉన్నవాడు తానుగా మన దగ్గరకు రాలేడు. మనమే వెళ్లాలి.

మూడవదిగా, అతడు పౌలును ఆదరించాడు. ఇక్కడ పౌలు వాడిన గ్రీకు మాటకు చల్లబరచడం, సేదదీర్చడం అని అర్థం. మే నెల ఎండలో నడిచి వచ్చినవానికి కొబ్బరిబొండం కొట్టి ఇచ్చినట్లు అన్నమాట. అదీ ఒక్కసారి కాదు, అనేకసార్లు. ఒక్కసారి చూచి వస్తే మర్యాద తీరుతుంది. మళ్లీ మళ్లీ వెళ్లినప్పుడు అవతలి మనిషికి ఊపిరి వస్తుంది.

పౌలంతటి విశ్వాసవీరునికి కూడా స్నేహితుల ముఖం అవసరమైంది. అపొస్తలుల కార్యములు 28:15 చూడండి. ఆయనను ఖైదీగా రోమాకు తీసుకొని వస్తుండగా, అక్కడి సహోదరులు అప్పీయా సంతపేట వరకు, త్రిసత్రముల వరకు ఎదురు వచ్చారు. అప్పీయా సంతపేట రోమాకు సుమారు 65 కిలోమీటర్లు. మన అమలాపురం నుండి రాజమండ్రికి ఉన్నంత దూరం. బస్సులు లేని కాలంలో అంతదూరం వచ్చారు. వారిని చూచినప్పుడు పౌలు దేవునికి కృతజ్ఞతలు చెల్లించి ధైర్యం తెచ్చుకున్నాడు.

కాబట్టి ప్రియులారా, ఈసారి ప్రయాణానికి సామాను సర్దుకునేటప్పుడు, ఆ ఊళ్లో ఎవరున్నారో జ్ఞాపకం చేసుకోండి. వారి పేరెత్తి ప్రార్థించండి. ముందుగా కబురు చేయండి. రావద్దంటే, అది ఇష్టం లేక అన్నమాటో సిగ్గుతో అన్నమాటో ప్రభువు సన్నిధిలో ఆలోచించండి. వెళ్లినచోట పెట్టినది తినండి. మీ పిల్లల ర్యాంకులు, మీ క్రొత్త ఇంటి సంగతులు ఆ పూటకు ప్రక్కన పెట్టండి. చూచినదంతా ఊళ్లోకి మోసుకొని రాకండి. మీరు చాప మీద కూర్చున్న సంగతి మీకూ వారికీ దేవునికీ తెలిస్తే చాలు.

అన్నిటికంటె ముఖ్యంగా, మన ప్రభువును చూడండి. లూకా 19వ అధ్యాయంలో ఆయన యెరూషలేముకు వెళ్తూ యెరికో పట్టణం మీదుగా పోతున్నాడు. ముందు సిలువ ఉంది. అయినా ఒక చెట్టు క్రింద ఆగి, కొమ్మల్లో ఉన్న జక్కయ్యను పేరు పెట్టి పిలిచి, అతని ఇంట బస చేశాడు. పాపి ఇంటికి వెళ్లాడని చూచినవారు సణిగారు. ప్రభువు సిగ్గుపడలేదు. నశించినదానిని వెదకి రక్షించడానికే వచ్చానని చెప్పాడు. పరలోకం విడిచి మన ఊరికి వచ్చి మన తలుపు తట్టిన స్నేహితుడు ఆయన. మన సంకెళ్లు చూచి వెనుకకు తిరగలేదు, వాటిని తన మీద వేసుకున్నాడు.

దూర పట్టణంలో ఎవరికీ కనబడకుండా బ్రతుకుతూ ఈ మాటలు వింటున్న సహోదరుడా, సహోదరీ, ఆయన మీ విలాసం ఎరుగును. ఈ ఆదివారం దగ్గరలో ఉన్న మందిరానికి వెళ్లండి. ఊళ్లో ఒక్కరికైనా ఫోను చేయండి. మీ మీద దిగులుతో ప్రార్థించేవారు ఇక్కడ ఉన్నారు.

ప్రార్థన చేసికొందాం. మమ్మును వెదకి వచ్చిన ప్రభువా, నీకు స్తోత్రము. మేము మరచిన స్నేహితుల పేర్లు ఈ వేళ మాకు జ్ఞాపకం చేయుము. వెళ్లే మాకు తగ్గింపును, మా కోసం తలుపు తీసేవారికి ధైర్యమును దయచేయుము. రాత్రివేళ రోడ్ల మీద ప్రయాణించే మా బిడ్డలను కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.