కణముల సాక్ష్యము



ముట్లుడిగిన కొన్ని యేండ్లకు మరల రక్తము కనఁబడిన స్త్రీ సాధారణముగ నోరు మెదపదు; వేడిచేసినదని సరిపెట్టుకొనును. అట్టి రక్తస్రావమంతయు రాచపుండు కాదు. కాని గర్భాశయపు లోపొరలోఁ బుట్టు రాచపుండునకుఁ దఱచుగ నిదియే తొలి సూచన. వైద్యులు తీసి పంపిన తునుక నా బల్లమీఁదికి వచ్చిన పిదప జరుగు విచారణను నేఁడు మీకు విన్నవించెదను.

గర్భాశయము దళసరి కండగోడ గల గది వంటిది. గోడకు లోవైపునఁ బూఁతవలె నున్న మెత్తని పొరలోఁ బుండు పుట్టి, గోడలోనికిఁ జొచ్చుకొనిపోవును. గోడ మందములో సగమునకు లోపుగ నున్నదా, సగమును దాఁటినదా యని కొలుచుట వైద్యుల చిరకాలపు టాచారము.

లోఁతు ముఖ్యమే, కాని యది యొక్కటియే చాలదు. వేరు ఎంతదూరము పాఱినదో చూచినంతమాత్రమున మొక్క జాతి తెలియదు గదా! జాతి నెఱుఁగుటకు రంగుపరీక్షలు గలవు. తునుకను మైనములోఁ బొదిగి, మిల్లీమీటరులో రమారమి 250వ వంతు పలుచని పొరలుగఁ గోయుదుము. ఒక్కొక్క ప్రోటీనును మాత్రమే వెదకి పట్టుకొను యాంటీబాడీని దానిపై వేయుదుము. వెదకినది దొరకినచోట గోధుమవన్నె తేలును.

ఈ-కాడ్హెరిన్ అను ప్రోటీను, ఇటుకల నడిమి సున్నమువలెఁ గణములను గూర్చి యుంచును. అది క్షీణించినచోఁ గణములు విడివడి కండలోనికిఁ జొరఁబడుట సులభము. పి-53 కణమునకుఁ గాపరి. రంగు అక్కడక్కడ లేఁతగ నుండుట సహజము. అంతటను గాఢముగ నిండినను, బొత్తిగ లేకపోయినను గాపరి చెడెనని యర్థము. జన్యువుల తప్పులు దిద్దు ప్రోటీనులు నాలుగింటిని గూడ వెదకుదుము. వానిలో నేదేని లోపించినచో, ఒక్కొక్కప్పుడది వంశపారంపర్యము కావచ్చును. అప్పుడు కూఁతుండ్రను, అక్కచెల్లెండ్రను గూడ హెచ్చరింపవలసి యుండును.

2013లో జన్యుపరిశోధకులు ఈ రోగమును నాలుగు తెగలుగ విభజించిరి. 2023లో అంతర్జాతీయ స్త్రీవైద్య సమాఖ్య ఆ విభజనను దశానిర్ణయమునఁ జేర్చెను. దానినిబట్టి, పి-53 చెడిన పుండు కండలో స్వల్పముగఁ జొచ్చినను రెండవ దశగ నెన్నఁబడును. పోల్ అను జన్యువున ఒకానొక మార్పు గల పుండు, గర్భాశయమును దాఁటనంతవఱకు, లోఁతుగఁ బోయినను మొదటి దశయే. అయితే ఈ మార్పు రంగునకుఁ జిక్కదు, జన్యుపరీక్ష కావలయును. ఈ వివేకమువలన ఒకరికిఁ జాలని చికిత్సయు, వేఱొకరికి అక్కఱలేని చికిత్సయుఁ దప్పును.

కాని తునుకయే రానిచో నా రంగు లేమి సాక్ష్యము చెప్పఁగలవు? మీ తల్లియో, అత్తయో సంకోచించుచు ఈ మాట చెప్పినప్పుడు, వయోధర్మమని త్రోసిపుచ్చకుఁడు. ఆలసింపక వైద్యునకుఁ జూపింపుఁడు.