పన్నెండు అంగాలు, పదమూడో మనిషి



ఇది మా మాస్టారి స్మారకోపన్యాసం. ఆయన గుణగణాలు వర్ణించడం మాత్రం నా వల్ల కాదు. ఒక వానాకాలం ఆయన దగ్గర తెచ్చుకున్న గొడుగు ఇంకా మా ఇంట్లోనే ఉంది. నేను ‘చెరువు తవ్వించారు’ అని రాస్తే, పక్కన ఎర్రసిరాతో ‘తవ్విందెవరు?’ అని గీసేవారు. ఆ ప్రశ్న పట్టుకునే వచ్చాను. గొడుగు తేలేదు.

కాకతీయుల నాటి రామప్ప, పాకాల, గొలుసుకట్టు చెరువుల సంగతి మీకు చెప్పక్కర్లేదు. 2015లో తెలంగాణలో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ 46 వేల పైచిలుకు చెరువులను లక్ష్యంగా పెట్టుకున్నదీ తెలిసిందే. పూడిక తీస్తే నీళ్లొస్తాయి, నీళ్లొస్తే చేపా పిట్టా వస్తాయి, ఊరు దానంతటదే లేస్తుంది అంటారు. ఆ ‘దానంతటదే’ దగ్గరే నా పేచీ.

ఆ మాటలో మనిషి లేడు. ఈ మరపు పాతదే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం శక సంవత్సరం 1291 నాటిది, అంటే క్రీ.శ. 1369. శాసన పరిశోధకుడు సుక్తంకర్ దాన్ని ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో ప్రకటించారు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెబుతుంది. ధర్మం తెలిసిన రాజు, గట్టి నేల, తియ్యని నీటి ఏరు, చివరికి కట్టే పనివాళ్ల ముఠా కూడా లెక్కలో ఉన్నారు. కట్టాక కాపాడే నీరటి లేడు. రాజును పొగిడే ప్రశస్తిలో నీరటిని వెతకడమేమిటని ఒక మిత్రుడు నవ్వారు. మరి ఇద్దరు రాజుల సరిహద్దులో చెరువుండటం దోషమని అదే శాసనం అంటోందే! అది మట్టి సంగతా, మనుషుల తగాదా? తగాదా గుర్తున్నవాడికి నీరటి గుర్తులేకపోవడం పొరపాటు అనుకోను.

పీకల్లోతు నీళ్లలో దిగి తూము తెరిచేది అతనే. రాత్రి గండి పడుతుందేమోనని కట్ట మీద పడుకునేదీ అతనే. నీళ్లు తక్కువైన ఏడు తైబందీ అనే నీటి వంతుల లెక్క ప్రకారం ఎవరి మడికి ఎంత పారాలో అతని చేతిలో ఉండేది. కల్లం దగ్గర అతనికి ధాన్యం మేరగా కొలిచేవారు. చాలా ఊళ్లలో ఆ పని దళిత కుటుంబాలది. 1997 నాటి సాగునీటి సంఘాల చట్టం ఆయకట్టు భూమి ఉన్నవాడికి ఓటిచ్చింది. తూము తెలిసి, భూమి లేనివాడికి ఇవ్వలేదు. శాసనం వదిలేసిన మనిషినే చట్టమూ వదిలేసింది. బోర్లొచ్చాక నీరటెందుకు అంటారా? చెరువు నిండితే బోర్లలో నీళ్లు ఊరతాయి, నిజమే. బోరున్నవాడికి.

శాసనంలో, చట్టంలో లేని మనిషి మాటైనా మిగలాలని నేనిప్పుడు నీరటుల మాటలకు ఒక కోశం కూరుస్తున్నాను. తూము, అలుగు పారే మత్తడి, నీళ్లు నిలిచే శిఖం మనకు తెలుసు. ఒక ముసలి నీరటి కట్ట లోపల నీరు ఊరే చప్పుడుకి వాళ్లు వాడే పేరు చెప్పాడు. రాసుకోబోతే, అది రాసేది కాదు, వినేది అన్నాడు. ఆ పేజీలో తేదీ తప్ప ఏమీ లేదు. మీ ఊళ్లో మత్తడి దుంకితే ముందు ఎవరికి కబురు పెట్టేవారో చెప్పండి. సభ అయ్యాక మెట్ల దగ్గర నోటుపుస్తకంతో కూర్చుంటాను.